ఎత్తు మారదు, వాయిదా మారుతుంది

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అయింది గానీ ఊరి రోడ్ల స్వభావం మాత్రం మారలేదు. డైరీ ఫార్మ్‌లో ఇల్లు తీసుకున్నవాళ్లకు ఆ సంగతి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. జంగ్లీఘాట్ వైపు వెళ్లినా, గోల్‌ఘర్ మీదుగా అబర్డీన్ బజారుకు వెళ్లినా ఎక్కడమో దిగడమో తప్పదు. కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో కాలవ గట్ల మీద, బల్లపరుపు రోడ్ల మీద సైకిల్ నేర్చుకుని, బదిలీ మీద ఇక్కడికి వచ్చిన మనలాంటివాళ్లకు ఇదొక కొత్త పాఠం.

ఆ పాఠం ఇప్పుడు చాలా ఇళ్లలో మొదలైంది. వంపు తిరిగిన హ్యాండిల్, సన్నటి టైర్లు ఉన్న రోడ్ బైకులను పిల్లలు అడిగి కొనిపించుకుంటున్నారు. నలభై దాటిన ఆఫీసర్లు డాక్టరు మాట విని కొనుక్కుంటున్నారు. కొన్నవాళ్లలో ఎంతమంది రెండో నెలలో కూడా తొక్కుతున్నారు అన్నదే ప్రశ్న.

నాకు తెలిసిన ఒక సహోద్యోగి సంగతి చెబుతాను. ఆయనకు నలభై ఆరేళ్లు. షుగరు కొత్తగా బయటపడింది. రోజూ కాస్త ఒళ్లు వంచమని డాక్టరు చెబితే మంచి బైకే కొన్నారు. పది రోజులు తిరక్కుండానే అది బాల్కనీలో తువ్వాళ్లు ఆరేసుకునే దండెం అయిపోయింది. అడిగితే, "మోకాళ్లు ఒప్పుకోవడం లేదండీ. ఈ వయసులో ఇవన్నీ మనకెందుకు?" అన్నారు. బైకు దగ్గరకు వెళ్లి చూస్తే, చైను ముందు పెద్ద చక్రం మీద, వెనక బాగా చిన్న చక్రం మీద ఉంది. అంటే ఆయన పది రోజులూ అన్నిటికంటే బరువైన గేర్లలోనే మిట్టలెక్కుతున్నారన్నమాట. తప్పు మోకాళ్లది కాదు, వయసుదీ కాదు. గేరుది.

గేర్లు మార్చడం రాకపోతే నష్టం బైకుకు కాదు. తన శరీరం ఇక పనికిరాదని మనిషి ఒక తప్పుడు నిర్ణయానికి వచ్చేస్తాడు. అసలు నష్టం అది. ఈ వ్యాసం దాన్ని తప్పించడానికే.

గేరు చేసే పని ఏమిటి?

గేరు పెంచితే వేగం వస్తుందని చాలామంది అనుకుంటారు. బ్యాంకు భాషలో చెప్పుకుంటే అసలు విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

100 మీటర్ల రోడ్డు ఉందనుకోండి. ఆ 100 మీటర్లలో అది 6 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. మీ బరువు, బైకు బరువు కలిపి 85 కిలోలు. ఆ రోడ్డు ఎక్కడమంటే 85 కిలోలను దాదాపు రెండంతస్తుల మేడ పైకి చేర్చడమే. ఇది మీరు తీర్చాల్సిన అసలు. ఏ గేరులో తొక్కినా ఈ అసలులో ఒక్క పైసా తగ్గదు.

గేరు చేసేదల్లా ఆ అసలును ఎన్ని వాయిదాల్లో కట్టాలో నిర్ణయించడం. పెడలు ఒక పూర్తి చుట్టు తిరగడం ఒక వాయిదా.

మొదటిసారి కొనే రోడ్ బైకుల్లో చాలావాటికి ముందు రెండు పళ్ల చక్రాలుంటాయి: ఒకదానికి 50 పళ్లు, ఇంకోదానికి 34. వెనక ఎనిమిదో తొమ్మిదో చక్రాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉంటాయి. అన్నిటికంటే చిన్నదానికి 11 పళ్లు, పెద్దదానికి 28 గానీ 32 గానీ. ముందు పళ్లను వెనక పళ్లతో భాగిస్తే, పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. ఇక లెక్క మీరే వేసుకోవచ్చు.

ముందు 34, వెనక 28 పెడితే పెడలు ఒక చుట్టుకు బైకు దాదాపు 2.55 మీటర్లు కదులుతుంది. మన 100 మీటర్ల మిట్టకు 39 చుట్లు కావాలి. అంటే 39 వాయిదాలు.

ముందు 50, వెనక 17 పెడితే ఒక చుట్టుకు 6.2 మీటర్లు. అదే మిట్టకు 16 వాయిదాలు. అసలు అదే, వాయిదాలు సగానికంటే తక్కువ. కాబట్టి ఒక్కో చుట్టుకు మోకాలి మీద పడే భారం దాదాపు రెండున్నర రెట్లు.

ముందు 50, వెనక 11 అయితే ఒక చుట్టుకు 9.5 మీటర్లు. పది పదకొండు వాయిదాల్లో మొత్తం తీర్చేయాలి. నా సహోద్యోగి మోకాళ్లు ఎందుకు మొరాయించాయో ఇప్పుడు తెలిసింది కదా.

మన నాన్నల కాలంనాటి నల్ల సైకిల్‌కు ఒకటే గేరు. దాని మీద ఒక చుట్టుకు సుమారు అయిదున్నర మీటర్లు వచ్చేది. చదును నేలకు అది బాగానే సరిపోయింది. మిట్ట వస్తే దిగి నడిపించడమే అప్పటి రెండో గేరు.

బ్యాంకులో వాయిదాలు పెరిగితే వడ్డీ కూడా పెరుగుతుంది. మిట్ట దగ్గర ఆ బెడద లేదు. 39 వాయిదాలు కడితే కొంచెం ఎక్కువ సమయం పడుతుంది, అంతే. ఇంత సులభమైన షరతుల మీద అప్పు ఇంకెక్కడా దొరకదు.

రెండు చేతులు, నాలుగు లీవర్లు

కొత్తవాళ్లను ఎక్కువ తికమక పెట్టేది లీవర్లు. పాత బజాజ్ స్కూటర్లలో ఎడమ చేత్తో గేరు తిప్పినవాళ్లకు చెయ్యి అలవాటే గానీ ఇక్కడ వరస వేరు. రోడ్ బైకులో బ్రేకు, గేరు ఒకే చోట ఉంటాయి. 1990లో జపాన్ సంస్థ షిమానో ఈ రెంటినీ ఒకే పిడిలో అమర్చాక, గేరు మార్చడానికి హ్యాండిల్ మీంచి చెయ్యి తీయాల్సిన పని తప్పింది. అంతకుముందు రోడ్ బైకుల గేరు లీవర్లు సాధారణంగా ఫ్రేము కింది గొట్టం మీద ఉండేవి. ప్రతిసారీ వంగి మార్చుకునేవారు.

ఇప్పుడు ఎక్కువగా కనబడే షిమానో పద్ధతిలో బ్రేకు లీవరును మీ వైపు లాగితే బ్రేకు పడుతుంది. అదే లీవరును పక్కకు, లోపలివైపు నెడితే గేరు మారుతుంది. దాని వెనకే ఇంకో చిన్న లీవరు ఉంటుంది. కుడిచేతి లీవర్లు వెనక చక్రాలవి, ఎడమచేతివి ముందు చక్రాలవి.

చిక్కు ఎక్కడంటే, కుడివైపు పెద్ద లీవరు నొక్కితే తొక్కడం తేలికవుతుంది. ఎడమవైపు పెద్ద లీవరు నొక్కితే బరువవుతుంది. "తేలికకు ఏది, బరువుకు ఏది" అని బట్టీ పట్టబోతే రెండు చేతులూ రెండు రకాలుగా చెబుతాయి. దానికి బదులు ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి: పెద్ద లీవరు చైనును పెద్ద చక్రం మీదికి ఎక్కిస్తుంది, చిన్న లీవరు చిన్న చక్రం మీదికి దించుతుంది. ఇది రెండు చేతులకూ వర్తిస్తుంది.

దీనికి తోడుగా మరో వాక్యం: చైను లోపలివైపు, అంటే బైకు మధ్యకు జరిగితే తేలిక, బయటివైపు జరిగితే బరువు. ముందైనా వెనకైనా ఇంతే.

ఇంట్లో పిల్లలతో కలిసి ఇది నేర్చుకోవడానికి ఒక మంచి ఉపాయం ఉంది. ఒకరు సీటు పట్టుకుని వెనక చక్రాన్ని నేలకు జానెడు ఎత్తు లేపాలి. ఇంకొకరు పెడలును చేత్తో మెల్లగా తిప్పుతూ లీవర్లు నొక్కాలి. చైను ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి పాకడం కళ్లతో చూస్తే, చేతికి పాఠం తొందరగా ఎక్కుతుంది. తిరిగే చక్రాల దగ్గరకు, చైను దగ్గరకు చిన్నపిల్లల వేళ్లు వెళ్లకుండా చూసుకోవాలి.

కాళ్లే క్లచ్

స్కూటరుకు, కారుకు గేరు మార్చేటప్పుడు క్లచ్ నొక్కుతాం. సైకిల్‌కు క్లచ్ లేదు. ఆ పని కాళ్లే చేయాలి. రెండు నియమాలున్నాయి.

మొదటిది, పెడళ్లు తిరుగుతూ ఉండాలి. చైను కదిలితేనే గేరు మారుతుంది. ఆగి ఉన్న బైకు మీద లీవరు నొక్కితే ఏమీ జరగదు. తర్వాత మొదటి తొక్కుకు మాత్రం టకటకమంటూ ఒక్కసారిగా మారబోయి చైను ఇరుక్కోవచ్చు.

రెండోది, పెడళ్లు తిరగాలి గానీ వాటి మీద బలం పడకూడదు. గేరు మారే ఆ అరచుట్టు సేపు కాళ్లను మేఘం మీద పెట్టినట్టు తేలికగా తిప్పాలి. ఒళ్లంతా బరువుపెట్టి తొక్కుతూ గేరు మారిస్తే చైను పళ్ల మీద కరకరమంటుంది. ఆ శబ్దం బైకు పాడైనట్టు కాదు, కాళ్లు క్లచ్ వదలలేదని చెప్పడం. కానీ రోజూ అలాగే చేస్తే చైను, పళ్లు తొందరగా అరిగిపోతాయి.

కాళ్లు ఎంత వేగంగా తిరగాలి?

ఏ గేరులో ఉండాలి అని అడిగితే, కాళ్లను అడగండి అన్నదే జవాబు. చదును రోడ్డు మీద పెడళ్లు నిమిషానికి 75 నుంచి 90 చుట్లు తిరిగితే మామూలు మనిషికి హాయిగా ఉంటుంది. మిట్ట మీద 60, 70 చాలు. కుడి మోకాలు పైకి వచ్చినప్పుడల్లా పదిహేను సెకన్లపాటు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఇరవై లెక్కపెడితే నిమిషానికి 80 అన్నమాట.

చాలామంది కొత్తలో 50 దగ్గర ఉంటారు. నెమ్మదిగా, బరువుగా తొక్కితేనే వ్యాయామమని ఒక నమ్మకం. 80 మొదట్లో ఉత్తుత్తి తొక్కుడులా అనిపిస్తుంది. వారం పోయాక కాళ్లకు అదే అసలు లయ అవుతుంది. ముందు 34, వెనక 17 పెట్టి నిమిషానికి 80 చుట్లు తిప్పితే గంటకు 20 కిలోమీటర్ల వేగం వస్తుంది. కొత్తవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

తొడలు మండుతుంటే గేరు బరువు ఎక్కువైందని అర్థం. కాళ్లు గాలిలో తిరుగుతున్నట్టుండి, సీటు మీద ఒళ్లు ఎగురుతుంటే గేరు మరీ తేలికైందని అర్థం. ఈ రెంటికీ మధ్య ఉండేలా ఎప్పటికప్పుడు ఒక్కో మెట్టు మార్చుకోవడమే గేర్ల విద్యంతా. కాళ్ల లయ మారకూడదు. రోడ్డు మారినప్పుడు గేరు మారాలి.

మోకాళ్లకు ముందునుంచే జబ్బు ఉన్నవాళ్లు, గుండెకు మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. సీటు ఎత్తు కూడా చూసుకోవాలి. మడమను పెడలు మీద పెట్టి కిందివరకు తొక్కితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెమే వంగుతుంది. సీటు కిందికి ఉంటే ఎంత తేలిక గేరైనా మోకాలు నొప్పెడుతుంది.

మిట్ట రాకముందే

డైరీ ఫార్మ్ లాంటి చోట నేర్చుకునేవాళ్లకు అన్నిటికంటే విలువైన అలవాటు ముందుచూపు. మిట్ట మొదలయ్యాక, కాళ్లు బరువెక్కాక, బైకు ఆగిపోబోతుండగా లీవరు కోసం వెతికితే ఆలస్యమైపోయినట్టే. అప్పుడు బలంగా తొక్కితే గానీ బైకు కదలదు, బలం వదిలితే గానీ గేరు మారదు. ఆ ఇరకాటంలో పక్కకు పడిపోయేవాళ్లే ఎక్కువ.

కాబట్టి మిట్ట కనబడగానే, ఇంకా పది పదిహేను మీటర్లు ఉండగానే ముందు చక్రాన్ని 34కు దించేయండి. ముందు చక్రం మార్పు పెద్ద మార్పు. పెడళ్లు ఒక్కసారిగా తేలికైపోయి కాళ్లు తూలినట్టుంటాయి. అందుకని ఎడమచేత్తో ముందు దించిన వెంటనే కుడిచేత్తో వెనక ఒకటి రెండు మెట్లు బరువు వైపు మార్చుకోవాలి. తర్వాత మిట్ట పెరిగేకొద్దీ కుడిచేత్తో ఒక్కో మెట్టు తేలిక చేసుకుంటూ పోవాలి. అన్నీ ఒకేసారి వాడేసుకోకుండా చివరి మెట్టును నిటారు భాగానికి మిగుల్చుకోవాలి. క్యాష్ కౌంటర్లో చిల్లరంతా పొద్దున్నే ఇచ్చేస్తే మధ్యాహ్నం ఏం చేస్తాం?

జంక్షన్ దగ్గర ఆగేటప్పుడు కూడా ఇదే పద్ధతి. ఆగడానికి ముందే, చక్రం ఇంకా తిరుగుతుండగానే రెండు మూడు మెట్లు తేలిక చేసుకోవాలి. లేకపోతే వెనక బస్సు హారన్ కొడుతుంటే బరువు గేరులో బయల్దేరలేక రోడ్డు మధ్యలో ఊగిసలాడాల్సి వస్తుంది. మిట్ట మీద ఆగితే బైకును రోడ్డుకు కొంచెం అడ్డంగా తిప్పి ఎక్కడం ఒక ఉపాయమే గానీ, వెనకా ముందూ వాహనాలు లేనప్పుడు మాత్రమే.

చైను వంకరగా లాగించకండి

ముందు పెద్ద చక్రం, వెనక కూడా అన్నిటికంటే పెద్ద చక్రం పెడితే చైను ఒక మూల నుంచి ఇంకో మూలకు వంకరగా సాగుతుంది. ముందు చిన్నది, వెనక కూడా అన్నిటికంటే చిన్నది పెట్టినా అంతే. శబ్దం వస్తుంది, అరుగుదల పెరుగుతుంది. పైగా ఆ జోడీల వల్ల లాభమేమీ లేదు. దాదాపు అదే బరువు ఇంకో జోడీలో దొరుకుతుంది. బైకుకు 16 గేర్లని రాసి ఉన్నా, చేతికి పనికొచ్చేవి పది పన్నెండే. ఊళ్లో మొదటి నెల ముందు 34లోనే ఉండి, వెనకవి మాత్రమే మార్చుకున్నా ఎవరూ ఏమీ అనరు.

ముందు చక్రం మార్చేటప్పుడు ఒక్కోసారి చైను లోపలికి జారిపడుతుంది. కంగారుపడి బలంగా తొక్కకండి. రోడ్డు పక్కకు వచ్చి ఆగండి. వెనక కింద వేలాడే చిన్న చక్రాల చట్రాన్ని ముందుకు నెడితే చైను వదులవుతుంది. ఆ వదులుతో చైనును ముందు చిన్న చక్రం కింది పళ్లకు తగిలించి, పెడలును చేత్తో వెనక్కి తిప్పితే సర్దుకుంటుంది. చేతికి మసి అంటుతుంది కాబట్టి సీటు కింది సంచిలో ఒక పాత గుడ్డ ఉంచుకుంటే మంచిది.

దిగేటప్పుడు

మిట్టకు అవతలి వైపు దిగుడు ఉంటుంది. పిల్లలకు సరదా, తల్లిదండ్రులకు భయం. దిగేటప్పుడు ఒక మోస్తరు బరువు గేరులో ఉండాలి. మరీ తేలిక గేరులో ఉంటే దిగువన తొక్కాల్సి వచ్చినప్పుడు కాళ్లకు ఏమీ అందదు. చైను కూడా వదులుగా ఎగురుతుంది. దిగుడు అడుగున మళ్లీ మిట్ట ఉంటే, అక్కడికి చేరకముందే మెల్లగా తొక్కుతూ మెట్లు తగ్గించుకోవాలి. చిడియా టాపు ఊరికి సుమారు 25 కిలోమీటర్లు. అడవి మధ్యగా సాగే ఆ దారి ఇలాంటి ఎక్కుడు దిగుళ్లతోనే ఉంటుంది. గేర్లు చేతికి వచ్చిన తర్వాతే అటు వెళ్లాలి.

కొత్త బైకులో ఏ లీవరు ఏ చక్రపు బ్రేకో ఇంటి ముందే చూసుకోవాలి. బైకును బట్టి ఇది మారుతుంది. ముందు చక్రపు బ్రేకును దిగుడులో గట్టిగా బిగిస్తే మనిషి ముందుకు పల్టీ కొట్టే ప్రమాదముంది. రెండూ కలిపి, ముందుగానే, కొంచెం కొంచెంగా పట్టాలి. మలుపులోకి వెళ్లాక కాదు, వెళ్లకముందే వేగం తగ్గించాలి. అండమాన్‌లో మే నుంచి డిసెంబరు దాకా, నైరుతి పోగానే ఈశాన్యం వచ్చి వాన పడుతూనే ఉంటుంది. తడి రిమ్ము మీద బ్రేకు ఆలస్యంగా పట్టుకుంటుంది. సన్నటి టైరు నాచు మీద, ఇనుప మూతల మీద జారుతుంది. వాన రోజుల్లో దిగుడు వేగం సగానికి తగ్గించాలి. హెల్మెట్ గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

గేరు వాడటం చేతకానితనమా?

"గేర్లు మార్చుకుంటూ ఎక్కడం ఓ గొప్పా?" అని వెక్కిరించేవాళ్లు ఉంటారు. ఈ వెక్కిరింత వందేళ్లకు పైబడినదే. ఫ్రాన్స్‌లో సెయింట్ ఎతియెన్ పట్టణంలో వెలోసియో అనే కలం పేరుతో రాసిన పాల్ ద వివీ, గేర్లు మార్చుకునే సైకిళ్ల కోసం ఏళ్ల తరబడి వాదించాడు. 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్‌కు అది నచ్చలేదు. గేర్లు నలభై అయిదు దాటినవాళ్లకే తగినవని ఆయన అభిప్రాయం. చైనును చక్రం నుంచి చక్రానికి మార్చే డిరైలర్లను ఆ పందెంలో 1937 దాకా అనుమతించలేదు. అప్పటిదాకా రైడర్లు పర్వతం మొదట్లో ఆగి, వెనక చక్రం ఊడదీసి, తిరగేసి బిగించుకుని ఎక్కేవారు. వెనక చక్రానికి రెండువైపులా వేరువేరు పళ్లుండేవి మరి. ఇప్పుడు ఆ పందెంలో గేర్లు లేని బైకు ఒక్కటీ కనబడదు. ప్రపంచంలోకెల్లా బలమైన కాళ్లున్నవాళ్లే గేర్లు మార్చుకుంటుంటే మనకు మొహమాటమెందుకు?

అండమాన్ నికోబార్ దీవుల పేరు సైకిల్ లోకానికి తెలిసింది మాత్రం గేర్లు మార్చని బైకుల వల్ల. కార్ నికోబార్‌కు చెందిన డెబోరా హెరాల్డ్ 2004 డిసెంబరు 26 సునామీలో చిన్నపిల్లగా బతికి బయటపడి, తర్వాత ట్రాక్ సైక్లింగ్‌లో 500 మీటర్ల పందెంలో 2015లో ప్రపంచ నాలుగో ర్యాంకుకు చేరింది. నికోబార్ కుర్రాడు ఈసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఏగ్ల్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో కీరిన్ విభాగంలో వెండి పతకం గెలిచాడు. వీళ్లు తొక్కే ట్రాక్ బైకుకు ఒకటే గేరు, బ్రేకులు కూడా ఉండవు. అయినా వీళ్లు గేరు ఎంచుకోరని కాదు. ఏ పందేనికి ఎన్ని పళ్లు పెట్టాలో ట్రాకు మీదికి రాకముందే లెక్కవేసి బిగించుకుంటారు. ట్రాకు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఒకసారి ఎంచుకుంటే చాలు. మన రోడ్డు నిమిషానికో రకంగా ఉంటుంది కాబట్టి మనం ప్రతి నిమిషం ఎంచుకోవాలి. తేడా అంతే.

మూడు వారాల సాధన

మొదటి వారం చదును చోటే. ఇక్కడైతే మెరీనా పార్కు దగ్గర సముద్రపు ఒడ్డు బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అయిదింటికే వెలుతురు వస్తుంది కాబట్టి, ట్రాఫిక్ మొదలయ్యేలోగా గంట దొరుకుతుంది. డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది, లైట్లు లేకుండా బయల్దేరకూడదు. హైదరాబాదులో ఉన్నవాళ్లకు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు ఉంది. ఈ వారమంతా ఎడమచేతిని ముట్టుకోవద్దు. ముందు 34లో ఉంచి, కుడిచేత్తో పైకీ కిందికీ మార్చడమే పని. కిందికి చూడకుండా మార్చగలిగేదాకా చేయాలి. చైను వైపు చూస్తూ తొక్కేవాళ్లకు ఎదురొచ్చే ఆటో కనబడదు.

రెండో వారం చిన్న మిట్ట ఒకటి ఎంచుకుని అదే మిట్టను రోజుకు మూడుసార్లు ఎక్కండి. ప్రతిసారీ వేరే గేరుతో మొదలుపెట్టి, ఏది హాయిగా ఉందో గమనించండి. సీటు మీంచి లేవకుండా, మాట్లాడగలిగేంత ఊపిరితో పైకి చేరితే అదే మీ గేరు.

మూడో వారం ఎడమచేతిని కలపండి. మిట్టకు ముందు 34, చదునుకు వచ్చాక 50. ఆ తర్వాత ఇంటి నుంచి ఆఫీసు దాకా.

నా సహోద్యోగి ఇదే వరసలో మొదలుపెట్టి, మూడో వారానికి తమ ఇంటి మిట్టను దిగకుండా ఎక్కారు. షుగరు లెక్కలు ఆయనకూ డాక్టరుకూ వదిలేద్దాం గానీ, తువ్వాళ్లకు మాత్రం వేరే దండెం కట్టారు.

ఉప్పుగాలి, కొత్త తీగ

కొత్త బైకు మొదటి ఒకటి రెండు వందల కిలోమీటర్లలో గేర్లు తిన్నగా పడకపోవడం మొదలవుతుంది. లీవరు నొక్కినా చైను ఆలస్యంగా ఎక్కుతుంది, టిక్కుటిక్కుమంటుంది. కొత్త తీగ, దాని తొడుగు సర్దుకుని కొంచెం వదులవడం దీనికి మామూలు కారణం. వెనక డిరైలర్‌లోకి తీగ వెళ్లే చోట చిన్న మర ఉంటుంది. చైను పెద్ద చక్రం మీదికి ఎక్కడానికి మొరాయిస్తుంటే ఆ మరను బయటకు, అంటే అపసవ్యంగా, అరచుట్టు తిప్పి చూడండి. చిన్న చక్రం మీదికి దిగడానికి మొరాయిస్తుంటే సవ్యంగా తిప్పాలి. రెండు మూడు ప్రయత్నాల్లో కుదరకపోతే మెకానిక్‌కు చూపించండి.

సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టడం ఇక్కడ రోజుల్లో పని. వానలో తడిసిన రోజున చైనును పొడిగుడ్డతో తుడిచి, సైకిల్ చైను ఆయిలు లింకుకొక చుక్క వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచేయాలి. ఆయిలు ఎక్కువ వేస్తే ఇసుక పట్టుకుని గరగరమంటుంది. శుభ్రంగా ఉన్న చైనే శబ్దం లేకుండా గేరు మారుతుంది.

కొనబోయేవాళ్లకు

షాపులో "ఎన్ని గేర్లు?" అని అడగడం మన అలవాటు. దానికి బదులు, వెనక అన్నిటికంటే పెద్ద చక్రానికి ఎన్ని పళ్లని అడగండి. డైరీ ఫార్మ్‌లోనో, విశాఖ కొండవాలు కాలనీల్లోనో, బంజారాహిల్స్‌లోనో ఉండేవాళ్లకు 28 కంటే 32 మేలు. ముందు 34 ఉంటే ఆ 32తో ఒక చుట్టుకు 2.2 మీటర్లే. మన 100 మీటర్ల మిట్టకు 45 చిన్న వాయిదాలు. అరవై దాటిన పింఛనుదారు అమ్మానాన్నలు కూడా కట్టగలిగే వాయిదా అది. గేర్ల సంఖ్య 16 కావచ్చు, 18 కావచ్చు. మీరు రోజూ ఎక్కాల్సిన మిట్టకు సరిపోయే ఆ ఒక్క గేరు వాటిలో ఉందా లేదా అన్నదే చూడాలి.